ఏటి అవతలి యుద్ధం

మిర్యాలగూడ నుంచి వాడపల్లి వెళ్ళి, మూసి కృష్ణలో కలిసేచోట నిలబడి చూస్తే, అవతలి ఒడ్డున కనిపించేది పల్నాడు. అందుకేనేమో, యుద్ధం సినిమా అనగానే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది 'పల్నాటి యుద్ధం' ఒక్కటే. 1966లో రామారావుగారూ భానుమతిగారూ నటించినదీ ఉన్నది. కాని మా ఇంటిల్లిపాదికీ 1947 నాటిదే ప్రీతి. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి, సగంలోనే కన్నుమూస్తే, ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేసిన చిత్రం అది.

మొన్న సెలవుల్లో సూర్యాపేటలో మా ఇంట మళ్ళీ చూశాం. చూసేటప్పుడు మా ఇల్లే రెండు పక్షాలవుతుంది. మా అమ్మది నాగమ్మ పక్షం. కన్నాంబగారు కన్నెత్తి చూస్తే చాలు, "ఆడది మంత్రాంగం నడిపితే మగవాళ్ళకు కడుపుమంట" అంటుంది. మా ఆవిడకు మాంచాల మీద జాలి. కాపురమంటే ఏమిటో ఎరగని ఆ పిల్ల, మొగుడు తొలిసారి గడప తొక్కిన నాడే కత్తి చేతికిచ్చి సాగనంపింది మరి. ఇంటర్మీడియెట్ చదివే మావాడికి అక్కినేని బాలచంద్రుడే దేవుడు. నేను మాత్రం గోవిందరాజుల సుబ్బారావుగారి బ్రహ్మనాయుడు మాట్లాడుతుంటే రెప్ప వెయ్యను.

ఇంతకీ ఇందులో అంత ఆనందం ఏమిటి? కథ అందరికీ తెలిసిందే. కోడిపందెంలో ఓడి మాచెర్లవారు ఏడేళ్ళు వలసపోవడం, గడువు తీరినా రాజ్యం దక్కకపోవడం, రాయబారానికి వెళ్ళిన అలరాజును విషంపెట్టి చంపడం, చివరకు కారెంపూడిలో అన్నదమ్ముల సేనలు కలబడడం. శ్రీనాథుడిదని చెప్పే ద్విపదను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించకముందే, వీరవిద్యావంతులు దీన్ని ఊరూరా పాడారు. ముగింపు తెలిసికూడా మనం చూస్తున్నామంటే, మనకు కావలసింది యుద్ధం కాదు, ఆ మనుషులు. ఎదుటిపక్షం వాళ్ళని కూడా చిన్నవాళ్ళుగా చూపకపోవడంలోనే ఉన్నది దీని రుచి. నాగమ్మ తెలివికి శత్రువైనా తల వంచవలసిందే.

ఇక బ్రహ్మనాయుడి చాపకూడు! అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన భోజనం అది. మాల కన్నమదాసును కొడుకన్నాడు, సేనానిని చేశాడు. 1938లో 'మాలపిల్ల' తీసిన రామబ్రహ్మంగారు ఈ కథను ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పాలా? బాలచంద్రుడి వెంట నడిచిన తమ్ముళ్ళలో బ్రాహ్మణుడు, చాకలి, కుమ్మరి, మంగలి అందరూ ఉన్నారు.

నన్ను ఈసారి పట్టుకున్నది మాత్రం బొంగరాల ఆట. యుద్ధం సంగతి కొడుకు చెవిన పడకుండా పెద్దలు దాచారు. బొంగరం తగిలి ఒకావిడ కాలికి గాయమైతే, ఆమె నోట సంగతి బయటపడింది. కుర్రవాడు కత్తికోసం పరుగెత్తాడు.

అక్కడ మావాడు సినిమా ఆపించి, "నాన్నా, మన పొలం సంగతి నాకూ అట్లాగే తెలిసింది" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. మిర్యాలగూడ దగ్గర మాకు సాగర్ ఎడమకాలువ కింద కొంచెం పొలమున్నది. నీటి వంతు దగ్గర కోదాడలో ఉండే మా అన్నకూ నాకూ మాటపట్టింపు వచ్చి, రెండేళ్ళుగా మాటల్లేవు. పిల్లలకు తెలియదనుకున్నాను. ఊళ్ళో ఎవరో, "మీ నాయనకు చేతగాదు, నువ్వన్నా అడుగు" అన్నారట. పెద్దనాన్నను నిలదీయడానికి బయలుదేరబోయాడట కూడా!

"చివరికి ఎవరు గెలిచారు?" అన్నాడు.

ఏం చెప్పను? మాచెర్ల వీరులు నేలకొరిగారు. నలగామరాజుకు వీరులు లేని రాజ్యం మిగిలింది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరిపి, ఆ ఆయుధాలకు నేటికీ పూజ చేస్తున్నారు. వీరులను తలుచుకుంటారు కాని, గెలిచినవాణ్ణి ఎవరూ తలుచుకోరు.

మరునాడు కోదాడ బస్సెక్కాను. మా వదిన తలుపు తీసి, "ఇన్నాళ్ళకా, మరిదీ?" అన్నది. అన్న పేపరులోంచి తల ఎత్తలేదు. నీటి వంతు ప్రసక్తి వచ్చింది, గొంతులూ లేచినయ్. అదేమీ తేలలేదు. కాని పొద్దు వాలేవేళకు వదిన వసారాలో చాప పరిచి, ఇద్దరికీ పక్కపక్కనే వడ్డించింది.

చాపకూడు అంటే ఏమిటో తరగతిలో చాలాసార్లు చెప్పాను. తినడం ఆ రోజే.