మోరీలోకి దిగే కొలువుకు రోస్టర్ రాసిందెవరు?

మనిషి మ్యాన్‌హోల్‌లో చచ్చిపోతే మర్నాడు పేపర్లో వార్త ఎట్లా వస్తదో మాకు తెలుసు. రాసేది మేమే కదా. 'ఊపిరాడక ఇద్దరు కూలీల మృతి' అని హెడ్డింగు, కింద నాలుగు పేరాలు. పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారు, అంతే. మూడో రోజుకు ఆ ముచ్చట లోపలి పేజీలో కూడా ఉండదు. ఊపిరి ఎందుకు ఆడలేదు, ఎవరు ఆడనివ్వలేదు అని ఏ డెస్కూ అడగదు. మేమూ ఏళ్ల తరబడి అడగలేదు. ఆ తప్పు ఒప్పుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మూతేసిన మోరీలో మురుగు కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, మీథేన్ చేరుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే పసిగట్టి పైకి రావచ్చు కదా అని ఫ్యాను కింద కూర్చున్న మనకు అనిపిస్తది. కానీ గ్యాసు చిక్కబడితే ముందు పనిచేయడం మానేసేది ముక్కే. వాసన తెలియకుండా పోతుంది. దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లో కుప్పకూలుతాడు. పైన తాడు పట్టుకున్నది తమ్ముడో, బామ్మర్దో, అదే బస్తీ మనిషో అయి ఉంటాడు. చూస్తూ నిలబడలేడు, అతనూ దిగుతాడు. అందుకే ఇవి చాలాసార్లు జంట చావులవుతాయి. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో నలుగురు పోయారు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఇద్దరు. మొదటి చోటు నుంచి అద్దాల మేడల హైటెక్ సిటీ కూతవేటు దూరం.

దీన్ని సర్కారు ప్రమాదం అంటుంది. పిడుగు పడితే ప్రమాదం. గ్యాసు కొలిచే పరికరం లేకుండా, గాలి పంపే బ్లోయర్ లేకుండా, మాస్కు లేకుండా, నడుముకు బెల్టు కూడా కట్టకుండా, ఒక చేత క్వార్టర్ సీసా పెట్టి మనిషిని గుంతలోకి దింపితే అది ప్రమాదం ఎట్లయితది?

చట్టాలకైతే కరువు లేదు. 1993లో ఒకటి చేశారు. అది పనికిరాలేదని 2013లో మరొకటి చేసి, డిసెంబర్ 6న, అంబేద్కర్ వర్ధంతి నాడు అమల్లోకి తెచ్చారు. తేదీలు ఎంచుకోవడంలో మన పాలకులకు సాటి లేదు. ఆ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడం నేరం. మొదటిసారి చేయిస్తే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చదివితే గట్టిగానే ఉంది. ఇక నిర్వచనాల పేజీ తిప్పండి. రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా చేయిస్తేనే అది 'ప్రమాదకరం'. సర్కారు చెప్పిన సామగ్రి ఇచ్చి మలం ఎత్తించినా ఆ మనిషి చట్టం దృష్టిలో మలం ఎత్తే కార్మికుడే కాడు! అంటే గ్లోవ్స్ తొడిగితే అంటరానితనం పోయినట్టు. రాజ్యాంగం 17వ అధికరణానికి రబ్బరు తొడుగు తొడిగిన ఘనత ఈ చట్టానిది.

ఈ సందులోంచే ఢిల్లీ సర్కారు జారుకుంది. 2021లో పార్లమెంటులో అడిగితే, చేతులతో మలం ఎత్తే పని వల్ల ఎవరూ చనిపోలేదని జవాబు. మరి మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల్లో పోయినవాళ్లు? వాళ్లు 941 మంది ఉన్నారట, అది వేరే లెక్కట. 2019 నుంచి 2023 వరకు మరో లెక్క చెప్పారు, 377 మంది. శవం ఒకటే, ఖాతాలు రెండు.

ఆ శవాలు ఎవరివి? నమస్తే పథకం కింద కేంద్రం 38 వేల మంది కార్మికుల వివరాలు సేకరించి 2024లో బయటపెట్టింది. నూటికి 92 మంది దాకా ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఒక్క ఎస్సీలే 69 మంది దాకా. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన గడ్డ ఇది. కొలువు అనంగనే రోస్టర్ పాయింటు లెక్కగట్టే ఉద్యోగ మిత్రులున్న గడ్డ. మోరీలోకి దిగే కొలువుకు రోస్టర్ రాసిందెవరు? ప్రతిభకు అన్యాయం జరుగుతోందని వీధికెక్కేవాళ్లు ఈ ఒక్క నియామకంలో ఓపెన్ కోటా అడగలేదేం? ఇక్కడ స్థానికత సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. పుట్టిన వాడే సర్టిఫికెట్.

బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర సఫాయి కుటుంబంలో పుట్టిన తెలుగు బిడ్డ. ఆయన, సఫాయి కర్మచారి ఆందోళన్ సాథీలు 2003లో సుప్రీంకోర్టుకు పోయారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మోరీల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని. 2023 అక్టోబర్ 20న అదే కోర్టు దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. మంచిదే, ఆ బిడ్డలకు అన్నం కావాలి, చదువు కావాలి. కానీ ప్రాణం రేటు మూడింతలైంది, మరి జైలు సంగతేమిటి? మనిషిని దింపిన ఇంజనీరో కాంట్రాక్టరో రెండేళ్లు లోపల ఉన్నాడని మీలో ఎందరు విన్నారు? 2025 జనవరి 29న హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగు కాల్వల్లోకి దింపొద్దని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది కదా, మొదట చెప్పినప్పుడు ఎవరు విన్నారో.

యంత్రాలు లేవా అంటే, ఉన్నాయి. సన్న గల్లీల్లోకి పోయే చిన్న జెట్టింగ్ బండ్లు 2017లోనే హైదరాబాద్‌లో రోడ్డెక్కాయి. బండికి డీజిల్ కావాలి, డ్రైవర్ కావాలి, బిల్లు కావాలి. అడ్డా మీద నిలబడ్డ మనిషికి అవేవీ అక్కర్లేదు. మనిషి యంత్రం కంటే అగ్గువ. కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టర్, అతని కింద మేస్త్రీ, ఆ మేస్త్రీ కింద పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేని కూలీ. చనిపోయినప్పుడు ఇతను మా మనిషి కాడని చెప్పడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

ఇదంతా సర్కారు నేరమే అని వదిలేస్తే మాకూ సుఖమే. మన అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు నిండితే ఏం చేస్తున్నాం? వాచ్‌మన్‌ను పిలిచి ఎవరినన్నా పట్టుకురా అంటాం, ఐదొందలు తక్కువ చేయమని బేరం ఆడతాం. తాగడానికి నీళ్లు అడిగితే ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చి, ఆ గ్లాసు అక్కడే పారేయమంటాం. పౌరహక్కుల సభలో మైకు పట్టుకునే ఇండ్లలోనూ ఇది జరుగుతోంది. మా ఇంట్లోనూ జరిగింది.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాం. మీ మున్సిపాలిటీలో గత ఏడాది మురుగు పూడిక తీతకు ఇచ్చిన వర్క్ ఆర్డర్లు, రక్షణ సామగ్రి కొన్న బిల్లులు, పని చేసిన కార్మికుల పేర్ల జాబితా సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ విభాగాల్లో పనిచేసే ఉద్యోగ మిత్రులారా, ఆ కాగితాలు తొక్కిపెట్టకండి. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ మాకు పంపండి. కాంట్రాక్టర్ పేరుతో సహా అచ్చు వేస్తాం.