తీర పంచాయతీలకు ఉమ్మడి నిధి కావాలి

కృష్ణపట్నం రేవులో బొగ్గు నింపుకున్న లారీకి పంచాయతీ హద్దులతో పని లేదు. దారిలో ఎన్ని ఊళ్లుంటే అన్ని ఊళ్ల మీదా దుమ్ము రేపుకుంటూ పోతుంది. 2008లో రేవు మొదలైంది. ఆ తర్వాత నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, పైనంపురం దగ్గర ప్రైవేటు విద్యుత్ కేంద్రం, పంటపాళెంలో వంటనూనె ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పన్ను మాత్రం ఫ్యాక్టరీ ఏ ఊరి సర్వే నంబరులో ఉంటే ఆ ఊరి పంచాయతీకే చెందుతుంది. పొలిమేర దాటిన పక్క ఊరికి దక్కేది దుమ్ము, గుంతల రోడ్డు.

నెల్లూరు తీరంలో ఇప్పుడు తేల్చుకోవలసిన విషయం ఇదే. నష్టం పది ఊళ్లకు పంచి, రాబడి ఒక్క ఊరి ఖాతాలో వేసే పద్ధతి ఎంతకాలం సాగాలి? తీర మండలాల పంచాయతీలు కలిసి ఒక ఉమ్మడి సంఘం పెట్టుకుని, నిధులు కలిసి అడిగి, కలిసి ఖర్చు పెట్టి, కలిసి లెక్క చెప్పే రోజు రావాలి.

స్థానిక సంస్థలు ఇలా పెద్ద పనికి పూనుకోవడం తెలుగు నేలకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో జిల్లా బోర్డులకు భూమి శిస్తుతో పాటు రైల్వే సెస్సు వసూలు చేసుకునే అధికారం ఉండేది. ఆ అండతోనే కృష్ణా జిల్లా బోర్డు బెజవాడ–మచిలీపట్నం రైలు మార్గాన్ని నిర్మింపజేసింది. 1908లో దాని మీద రైళ్లు నడిచాయి. 1916లో గుంటూరు జిల్లా బోర్డు తరఫున తెనాలి–రేపల్లె మార్గం వచ్చింది. ఊరూరా కూడిన కొద్దిపాటి సొమ్ముతో రైలు పట్టాలు పడ్డాయి. అంత చేసిన నేల మీద ఈ రోజు ఒక సర్పంచి వీధి దీపాల బిల్లు కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడవలసి రావడం బాధాకరం.

డబ్బు అసలు లేదనడానికీ వీల్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2.36 లక్షల కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ప్రాథమిక గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక మీద సీనరేజి, అంటే ఖనిజ తవ్వకపు రుసుము, వస్తుంది. చిన్న తరహా ఖనిజాల సీనరేజిలో గ్రామ పంచాయతీకి 25, మండల పరిషత్తుకు 50, జిల్లా పరిషత్తుకు 25 శాతం చొప్పున చేరాలన్నది నిబంధన. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇన్ని దారుల్లో వచ్చే సొమ్ము చిన్న చిన్న ముక్కలుగా విడిపోవడంతో ఒక ఊళ్లో సిమెంటు రోడ్డు ముక్క, ఇంకో ఊళ్లో బస్ షెల్టరు కనిపిస్తాయి. ఊళ్లన్నిటికీ కావలసిన మంచినీటి పైపులైనుకు మాత్రం డబ్బు చాలదు.

తీరంలో నీళ్ల కథ వేరు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, రొయ్యల గుంటల పక్కన, బోరు వేస్తే ఉప్పు నీరు పడుతుంది. ఏ పంచాయతీకి ఆ పంచాయతీ బోర్లు వేసుకుంటే తీరే కష్టం కాదిది. లోపలి నుంచి నీరు తెచ్చి పదుల గ్రామాలకు పంచే సమగ్ర రక్షిత మంచినీటి పథకాలే దిక్కు. వాటి మోటారు కాలిపోతే బాగుచేసే డబ్బు ఎవరిదన్న పేచీ మొదలవుతుంది. మురుగు కాలువలదీ అదే తంతు. ఎగువ ఊరు పూడిక తీసినా, సముద్రపు మొగ దగ్గరి ఊరు తీయకపోతే మునిగేది ఎగువ పొలాలే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను కోసేసిన పెన్నా వరద ఏ ఊరి హద్దునూ లెక్కచేయలేదు.

పరిశ్రమ పన్నును పంచుకోవడానికి దారి ఉందా అంటే, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1971లోనే చూపించింది. మినియాపోలిస్, సెయింట్ పాల్ నగరాల చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో, కొత్తగా పెరిగే వాణిజ్య, పారిశ్రామిక పన్ను ఆధారంలో 40 శాతాన్ని ఒకచోట చేర్చి, పన్ను వనరులు తక్కువున్న ఊళ్లకు ఎక్కువ వాటా అందేలా పంచుతున్నారు. అప్పటికే ఉన్న రాబడి జోలికి వెళ్లరు. ఫ్యాక్టరీ ఉన్న ఊరు పాత ఆదాయం పోగొట్టుకోదు, పెరుగుదలలోనూ పెద్ద భాగం దానిదే. కృష్ణపట్నం రేవు చుట్టూ ఉన్న ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాలకు ఈ సూత్రం సరిగ్గా సరిపోతుంది. ‘బూడిద మాది, వాటా మీకా?’ అని ఫ్యాక్టరీ ఊరి ప్రెసిడెంటు అడిగితే, ఆ ప్రశ్నకు ఇంతకంటే న్యాయమైన జవాబు దొరకదు.

ఇది ఇప్పుడే తేలాలి. కోట, చిల్లకూరు వైపు క్రిస్ సిటీ పేరుతో పారిశ్రామిక నగరం వస్తోంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దానికి 2,139 కోట్ల రూపాయలు ఆమోదించింది, 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ వాడల్లో పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, ‘ఐలా’ అనే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ. వసూలైన దాంట్లో స్థానిక సంస్థకు ముట్టేది 35 శాతం. ఆ వాటా ఏ ఒక్క పంచాయతీకో పోవాలా, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పోవాలా అన్నది ఫ్యాక్టరీలు నిలబడకముందే తేల్చుకోవాలి. ఉత్తరాన రామాయపట్నం రేవు చుట్టుపక్కల ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2022 పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట వైపు తీరం తిరుపతి జిల్లాకు పోయింది, కందుకూరు వైపు తీరం నెల్లూరులో కలిసింది. కాబట్టి జిల్లా గీత దాటి చేతులు కలపడమూ నేర్చుకోవాలి.

చట్టం అడ్డం రాదు. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద స్థానిక సంస్థలు ఉమ్మడి సంఘాలు పెట్టుకోవచ్చు. రాజ్యాంగంలోని 243జడ్‌డి అధికరణ ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలని, దానిలో ఐదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల నుంచి ఎన్నికైనవారే కావాలని చెబుతోంది. 2016లో మొదలైన రూర్బన్ పథకం దేశమంతటా 300 గ్రామ సముదాయాలకు నిధులిచ్చి ఈ ఆలోచనను పరీక్షించింది కూడా. దాని లోపం ఒక్కటే. సముదాయాలను పైనుంచి గీశారు, ఊళ్లు తమంతట తాము కలవలేదు.

అసలు భయం వేరే ఉంది. పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కిన రోజులు ఎవరూ మరవలేదు. 2018 ఆగస్టులో గడువు తీరిన పాలకవర్గాలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగక, కేంద్ర నిధులు ఆగిపోయిన సంగతీ తెలిసిందే. ఉమ్మడి నిధి పెడితే దాని మీదా పైవాళ్ల చెయ్యి పడుతుందని సందేహించడం సహజం. అందుకే ఆ ఖాతా సంఘం తీర్మానం లేకుండా కదలకూడదు. అధ్యక్ష పదవి ఏటా ఊరు మారాలి. జమా ఖర్చులు ప్రతి గ్రామసభలో చదివి వినిపించాలి. ఒంటరి సర్పంచి ఖాతా ఖాళీ చేయడం తేలిక, ఇరవై ముప్పై పంచాయతీలు ఒక్క మాట మీద ఉంటే అంత తేలిక కాదు.

16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ నుంచి 2031 మార్చి దాకా నడుస్తుంది. ఆ ఐదేళ్ల సొమ్ము కూడా ముక్కలై పోకముందే, ముత్తుకూరు నుంచి గుడ్లూరు దాకా తీరంలోని ప్రతి గ్రామసభా ఉమ్మడి సంఘానికి సమ్మతిస్తూ ఒక తీర్మానం చేయాలి. దాన్ని జిల్లా పరిషత్తు సమావేశంలో పెట్టించే బాధ్యత జడ్పీటీసీ సభ్యులు తీసుకోవాలి.