పాత కాంప్లెక్స్ కూల్చే ముందు మెట్ల మీద కూర్చున్నవాళ్లను లెక్కపెట్టండి

ఢిల్లీ అసెంబ్లీలో 70 స్థానాలుంటే అందులో 12 ఎస్సీలకు రిజర్వు అయినవి. బవానా, సుల్తాన్‌పూర్ మజ్రా, మంగోల్‌పురి, మాదీపూర్, దేవ్‌లీ, అంబేద్కర్ నగర్, త్రిలోక్‌పురి, కోండ్లీ, సీమాపురి, గోకల్‌పూర్, కరోల్ బాగ్, పటేల్ నగర్. కరోల్ బాగ్, పటేల్ నగర్‌లను పక్కనపెట్టి మిగిలిన పది పేర్లను ఢిల్లీ పటం మీద గుర్తించండి. ఆ పక్కనే డీడీఏ గొప్పగా చెప్పుకునే వ్యాపార కేంద్రాలను, అంటే నెహ్రూ ప్లేస్, భికాజీ కామా ప్లేస్, సాకేత్, జనక్‌పురి, నేతాజీ సుభాష్ ప్లేస్‌లను గుర్తించండి. ఒక జాబితా మీద రెండో జాబితా ఎక్కడా పడదు. దీన్ని యాదృచ్ఛికం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. మన ఊళ్లలో వాడ ఎప్పుడూ ఊరికి ఓ పక్కనే ఎందుకుంటుందో తెలిసిన నాకు మాత్రం అలా అనిపించదు.

రాజధానిలో ఇప్పుడు అందరి నోటా వినిపించే మాట 'రీడెవలప్‌మెంట్'. 2021 జూన్‌లో అభ్యంతరాల కోసం బయటపెట్టిన 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా నిండా ఉన్నది పాత ప్రాంతాల పునరుజ్జీవనం గురించే. 2022 మార్చిలో అప్పటి ఢిల్లీ ప్రభుత్వం 'రోజ్‌గార్ బడ్జెట్' పెట్టి, మార్కెట్ల పునరాభివృద్ధితో ఉద్యోగాలు వస్తాయంది. మొదటి విడతకు ఎంచుకున్న ఐదు మార్కెట్లు కమలా నగర్, ఖారీ బావలీ, లజ్‌పత్ నగర్, సరోజినీ నగర్, కీర్తి నగర్. అయిదింటిలో ఒక్కటి కూడా రిజర్వుడు నియోజకవర్గంలో లేదు. అప్పటికే పేరున్న మార్కెట్లకే మెరుగులన్నమాట. మన కాలనీల్లో పెచ్చులూడుతున్న కాంప్లెక్స్‌లు ఆ జాబితా దరిదాపుల్లోకి కూడా రాలేదు.

రాకపోవడం ఒక అన్యాయం. రేపు వచ్చే తీరు ఇంకో అన్యాయం కావచ్చు. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించి.

త్రిలోక్‌పురి సంగతే తీసుకుందాం. ఎమర్జెన్సీ కాలంలో నగరం నడిబొడ్డున ఉన్న బస్తీలను బుల్‌డోజర్లతో నేలమట్టం చేసి, జనాన్ని ట్రక్కులెక్కించి యమున అవతల దింపారు. 1976లో అలా పుట్టిన కాలనీ అది. కుటుంబానికి 25 గజాల ప్లాటు, అది కూడా లైసెన్సు మీదే తప్ప హక్కుగా కాదు. 1984 నవంబర్‌లో 32వ బ్లాకులో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు దేశమంతా ఆ పేరు విన్నది, తర్వాత మరిచిపోయింది. ఇప్పుడు రోడ్డుకు ఒక పక్క 36 బ్లాకుల త్రిలోక్‌పురి, మరో పక్క మయూర్ విహార్ సొసైటీలు. ఉదయం ఆరింటికి ఈ పక్కనుంచి ఆ పక్కకు, అటునుంచి నోయిడాకు పాచిపనికి, వంటపనికి, కాపలా పనికి మనుషులు వెళతారు. మయూర్ విహార్‌కు డిస్ట్రిక్ట్ సెంటర్ ఉంది, మాల్ ఉంది.

2021 మాస్టర్ ప్లాన్ లెక్క ప్రకారం 5 లక్షల జనాభాకు ఒక డిస్ట్రిక్ట్ సెంటర్, లక్షకు ఒక కమ్యూనిటీ సెంటర్, 10 వేలకు ఒక లోకల్ షాపింగ్ సెంటర్, 5 వేలకు ఒక చిన్న దుకాణాల సముదాయం ఉండాలి. కాగితం మీద కులం లేని లెక్క. కానీ పరిశోధన పని మీద జేజే కాలనీల్లో తిరిగేటప్పుడు నాకు కనిపించే షాపింగ్ సెంటర్ ఎలా ఉంటుందంటే: రెండంతస్తుల సిమెంటు కట్టడం, సగం షట్టర్లకు తుప్పు, పై అంతస్తులో గోదాములు, మెట్ల కింద చెత్త, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, ఉన్నచోట తాళం. కట్టడం లోపల వ్యాపారం చచ్చిపోయింది. కట్టడం ముందు మాత్రం నడవడానికి చోటు ఉండదు. రేహ్రీల మీద కూరగాయలు, రాజ్మా-చావల్, మోమోలు, పాత బట్టలు, సెల్‌ఫోన్ కవర్లు. మెట్ల పక్కన చెప్పులు కుట్టే మోచీ. వారానికొకసారి వచ్చే బజారు, వారం పేరుతోనే, సోమ్ బజార్ అనో బుధ్ బజార్ అనో. జనం అక్కడే కొంటారు. కాంప్లెక్స్ చచ్చిపోయిందంటే కాలనీలో వ్యాపారం లేదని కాదు, ఆ కట్టడం ఆ వ్యాపారానికి సరిపోలేదని. రోజు కూలి మీద బతికేవాడు పావుకిలో నూనె, ఐదు రూపాయల షాంపూ కొంటాడు. నెల సరుకులు కొనేవాళ్ల కోసం గీసిన దుకాణంలో అతనికి పని లేదు.

ఇలాంటి చోటును 'శిథిలం' అని రాసి, టెండరు పిలిస్తే ఏమవుతుంది? లెక్క పెద్ద కష్టమైంది కాదు. ప్రభుత్వం డబ్బు పెట్టదు, ఎఫ్ఏఆర్ పెంచుతుంది. ఎఫ్ఏఆర్ అంటే స్థలానికి ఎన్ని రెట్లు అంతస్తుల విస్తీర్ణం కట్టుకోవచ్చన్న లెక్క. పెంచినదాన్ని బిల్డరు అమ్ముకుని ఖర్చు రాబట్టుకుంటాడు. ఖాన్ మార్కెట్ లాంటి చోట ఇది పారుతుంది. త్రిలోక్‌పురిలో చదరపు అడుగుకు అంత ధర పలకదు కాబట్టి బిల్డరు రాడు. వచ్చాడంటే అతని కన్ను త్రిలోక్‌పురి మీద లేదని, రోడ్డు అవతలి మయూర్ విహార్ కారు మీద ఉందని అర్థం. అప్పుడు దుకాణం సైజు, అద్దె, పార్కింగు, గేటు ఎటువైపు తెరుచుకోవాలన్నది, అన్నీ ఆ కారును బట్టే నిర్ణయమవుతాయి. ఇందులో ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. వేలం అనే పద్ధతే ఆ పని చేసిపెడుతుంది.

ఉద్యోగాలు వస్తాయంటారు. వస్తాయి. హౌస్‌కీపింగ్ యూనిఫారం వేసుకుని మనవాళ్లే కొత్త టైల్స్ తుడుస్తారు, అదీ కాంట్రాక్టరు కింద. నిన్నటిదాకా సొంత బండి ఉన్న మనిషి రేపు ఇంకొకరి చీపురు పట్టుకోవడాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు. ఈ దేశంలో మనకు చీపురు దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు.

ముందు జరిగినవి చూడండి. చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి దాకా 1.3 కిలోమీటర్ల వీధిని ఎర్రరాయితో తీర్చిదిద్ది 2021 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. నడిచేవాళ్లకు బాగుంది, నేనూ నడిచాను. కానీ ఆ వీధి ఫుట్‌పాత్ వ్యాపారులకు నిషిద్ధ ప్రాంతం. షాదీపూర్ కఠ్‌పుత్లీ కాలనీ సంగతి ఇంకా చేదు. బొమ్మలాట, గారడీ, డోలు కళాకారుల బస్తీ అది. 'ఉన్నచోటే పునరాభివృద్ధి' అంటూ డీడీఏ 2009లో ప్రైవేటు బిల్డరుకు అప్పగించింది. 2017 అక్టోబర్ చివర బుల్‌డోజర్లు వచ్చాయి. తాత్కాలికం అన్న ఆనంద్ పర్బత్ శిబిరంలో జనానికి ఏళ్లు గడిచిపోయాయి. ఉన్నచోటే అనే మాటకు ఢిల్లీలో ఉన్న అర్థం అది.

అయినా నేను ఆ పాత కాంప్లెక్స్ అలాగే ఉండాలని అడగడం లేదు. మన విశ్వవిద్యాలయాల్లో కొందరు మేధావులకు మురికి బజారు మీద ఒక ప్రేమ ఉంటుంది. 'అనౌపచారిక నగర సౌందర్యం' అని సెమినార్ పేపర్లు రాస్తారు, సాయంత్రం ఏసీ ఉన్న చోట కాఫీ తాగుతారు. కాలనీ పిల్లలకు ఆ భ్రమ లేదు. వాళ్లకు లిఫ్టు కావాలి, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి, స్నేహితులతో కూర్చునే చోటు కావాలి. అడగడంలో తప్పేముంది? పేదరికానికి అందం చూసే ఓపిక బాబాసాహెబ్‌కూ లేదు. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో గ్రామాన్ని మెచ్చుకునేవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు తెలిసిందే. మన ఊళ్లలో మాదిగ మనిషి వండి అమ్మితే ఊరివాళ్లు కొంటారా? రెండు గ్లాసుల టీకొట్లు చూసిన తరం ఇంకా బతికే ఉంది. ఢిల్లీలో ఆకలేసినవాడు బండి దగ్గర ఆగి తింటాడు, వండిన చేయి ఎవరిదని అడగడు. నగరం మనకిచ్చిన కొద్దిపాటి స్వేచ్ఛల్లో ఇది ఒకటి. (అదీ ఎంతకాలమో. ఎన్‌సీఆర్‌లోనే ఉన్న ముజఫర్‌నగర్‌లో 2024లో కాఁవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలకు యజమానుల పేర్లు రాసి పెట్టమన్నారు. జూలై 22న సుప్రీంకోర్టు ఆపింది.) కాబట్టి కొత్త కాంప్లెక్స్ కావాలి. దాని లోపల దుకాణదారుగా మనం ఉండాలి. గొడవంతా ఈ రెండో వాక్యం మీదే.

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్నది తెరిస్తే చాలు. వీధి వ్యాపారం 19(1)(జి) కింద వచ్చే ప్రాథమిక హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 మే 1న వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. సర్వే పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులోని 3వ సెక్షన్ అంటుంది. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది ఎన్నికైన వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీలకు తగిన చోటు ఉండాలి. మనవాళ్లు తక్కువగా చదివే భాగం చివర్లోని రెండో షెడ్యూలు. కొత్త నిర్మాణాల వల్ల పుట్టే బతుకుతెరువు అవకాశాల్లో అక్కడినుంచి కదిలించిన వ్యాపారులకే చోటివ్వాలని అందులో ఉంది. భూమి చేతులు మారినా దాని మీద వ్యాపారం చేసేవాళ్ల హక్కు పోదని ఉంది. ఇంకొకటి కూడా ఉంది: యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను కదిలించకూడదు.

యాభై ఏళ్లు. 1976కు యాభై కలిపితే 2026. ఎమర్జెన్సీలో ట్రక్కుల్లో తెచ్చి పడేసిన కాలనీల బజార్లన్నీ ఒక్కొక్కటిగా ఆ గీత దాటుతున్నాయి. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి, దక్షిణ్‌పురి. వారసత్వం అనగానే మనకు కోటలు, గుళ్లు, సమాధులు గుర్తొస్తాయి. ఊరవతలకు విసిరేస్తే అక్కడే గోనెపట్టా పరిచి బేరం మొదలుపెట్టినవాళ్ల చోటు కూడా వారసత్వమేనని పార్లమెంటు రాసిపెట్టింది. ఆ గడువు నిండుతున్న సమయంలోనే పునరాభివృద్ధి మాట ఊపందుకోవడం చూస్తే, ముందు ఏది జరుగుతుందన్నది చిన్న విషయం కాదు. ప్రకటన ముందు వస్తే బిల్డరు ఆ వ్యాపారులను కలుపుకుని నక్షా గీయాలి. టెండరు ముందు వస్తే వాళ్లు 'ఆక్రమణదారులు'.

నక్షా విషయంలో కూడా ఒక మెలిక ఉంది. 2021 మాస్టర్ ప్లాన్ షాపింగ్ సెంటర్లలో ప్రతి 10 దుకాణాలకు 3 నుంచి 4 వీధి వ్యాపార యూనిట్లు ఇమ్మంటుంది. ధనికుల కాలనీలో అది చాలుతుందేమో. బయటి బండ్లే లోపలి దుకాణాల కంటే ఎక్కువున్న చోట ఈ నిష్పత్తిని అలాగే అమలుచేస్తే చట్టం పాటిస్తూనే చాలామందిని బయటికి నెట్టొచ్చు. జేజే కాలనీల్లో లెక్క తిరగబడాలి. ముందు ఉన్న వ్యాపారులందరికీ చోటు, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టే దుకాణాలు. ఆ దుకాణాల్లోనూ స్థానిక ఎస్సీ యువతకు, ముఖ్యంగా ఒంటరి మహిళలకు, వేలంతో పని లేకుండా నెలవారీ అద్దె మీద వాటా ఉండాలి. దుకాణాల్లో రిజర్వేషనా అని నొసలు చిట్లించేవాళ్లుంటారు. తెలంగాణ 2021లో మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. సారా అమ్మడానికి పనికొచ్చిన సూత్రం మందుల షాపుకు, మొబైల్ షాపుకు ఎందుకు పనికిరాదు? బినామీలు వస్తారన్నది నిజమే. అందుకే అమ్ముకునే హక్కు కాకుండా నడుపుకునే హక్కు ఇవ్వాలంటున్నాను.

కూల్చడం కూడా ఒకేసారి వద్దు. సగం కట్టి, అందులోకి అందరినీ చేర్చాక మిగతా సగం ముట్టుకోవాలి. రోజు గల్లాతో పొయ్యి వెలిగేవాళ్లకు రెండేళ్ల 'తాత్కాలిక' మూసివేత అంటే శాశ్వతమే. పై అంతస్తులో గోదాములకు బదులు పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకునే లైబ్రరీ, పనికెళ్లే తల్లుల కోసం క్రెష్ పెట్టొచ్చు. దానికి బాబాసాహెబ్ పేరు పెట్టి చేతులు దులుపుకోకుండా పుస్తకాలు కూడా కొనాలి.

మన వైపు లోపాలూ ఉన్నాయి. కాలనీల్లో చాలాచోట్ల దుకాణదారు తన షట్టరు ముందు నిలబడే బండి దగ్గర రోజువారీ డబ్బు వసూలు చేస్తాడు. మార్కెట్ సంఘం అంటే షట్టరున్నవాళ్ల సంఘమే. మోచీని, ఫుట్‌పాత్ మీద గాజులమ్మే ఆమెను ఎవరూ మీటింగుకు పిలవరు. అధికారులు 'స్థానికులతో సంప్రదించాం' అన్నప్పుడు ఏ స్థానికులతో అని మొదట అడగాల్సింది మన సంఘాలే.

యాభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నామని రుజువు ఎలా అంటారు. బండివాళ్ల దగ్గర రిజిస్ట్రీ కాగితాలుండవు. కానీ మునిసిపాలిటీ ఏళ్ల తరబడి రాసిన చలాన్లున్నాయి, తెహబజారీ రసీదులున్నాయి, జప్తు చేసిన బండి విడిపించుకున్నప్పటి చీటీలున్నాయి, తల్లి పేరు మీద ఉన్న పాత రేషన్ కార్డుంది. ప్రధానమంత్రి స్వనిధి కింద 2020 తర్వాత 10 వేల అప్పు తీసుకున్నవాళ్లకు బ్యాంకు పత్రాలున్నాయి. శిక్షగా రాసిన చలానే, ఆ మనిషి ఆ తేదీన ఆ చోట వ్యాపారం చేస్తున్నట్టు ప్రభుత్వమే ఇచ్చిన సాక్ష్యం. వాటిని పారేయొద్దు, ఫొటోలు తీసి బ్లాకువారీగా ఒకచోట దాచండి. సర్వేకు ఎవరైనా వచ్చి వేలిముద్ర అడిగితే పైన ఏం రాసి ఉందో చదువుకున్న పిల్లాడితో చదివించుకుని, నకలు చేతికిచ్చాకే వేయండి.