గంజాయి కట్టడిలో కమలాపురం వంతు

2021 నవంబరులో కడప జిల్లా కమలాపురం నగర పంచాయతీకి ఎన్నికలు జరిగాయి. 20 వార్డుల జనం తమ కౌన్సిలును ఎన్నుకున్నారు. ఆ రోజుల్లోనే విశాఖ మన్యంలో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో కొండవాలుల్లోని గంజాయి తోటలను నరికేస్తున్నారు. ఏడున్నర వేల ఎకరాలు ధ్వంసం చేశామని పోలీసులు లెక్క చెప్పారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకును గుట్టలు పోసి తగలబెట్టారు. మన్యంలో తోటలు కాల్చినంత మాత్రాన పట్టణాల్లో కొనేవాళ్లు తగ్గిపోరు. కొనే చోట ఏం చేయాలన్నది కమలాపురం లాంటి ఊళ్లు తేల్చుకోవాల్సిన సంగతి.

గంజాయిపై కొత్త చట్టం చేసే అధికారం నగర పంచాయతీకి లేదు. మత్తుపదార్థాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పార్లమెంటు చేసింది. అంతకు మునుపు కథ వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో లైసెన్సు మీద గంజాయి పండేది, బాపట్ల తాలూకా అందుకు పేరుపడింది. 1893-94లో విచారణ జరిపిన బ్రిటిష్ ప్రభుత్వ కమిషన్ కూడా నిషేధం వద్దు, పన్ను వేసి అదుపులో పెట్టండి అంది. ఆ నిర్ణయం ఊళ్లకే వదిలిన చోట్లూ ఉన్నాయి: అమెరికాలోని న్యూజెర్సీ 2021లో అమ్మకాలను చట్టబద్ధం చేసి, మీ ఊళ్లో అంగడి పెట్టనివ్వాలో వద్దో ఆగస్టులోగా తేల్చుకోండని పురపాలక సంఘాలకు వదిలేసింది. చాలా ఊళ్లు వద్దనుకున్నాయి.

అయితే చట్టం చేయలేనంత మాత్రాన కౌన్సిలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2024 జనవరిలో తెలంగాణలోని కొత్తూరులో బడి పిల్లలకు గంజాయి చాక్లెట్లు అమ్మిన వ్యవహారం బయటపడింది. అమ్మింది బడి పక్కనే ఉన్న పాన్ అంగడి. విద్యాసంస్థకు 100 గజాల లోపు బీడీ, సిగరెట్ అమ్మకూడదని 2003 నుంచే చట్టం ఉంది. వ్యాపార లైసెన్సు ఇచ్చేది, రద్దు చేసేది పురపాలక యంత్రాంగమే. కమలాపురంలో ఏ బంకు ఏ బడికి ఎంత దూరంలో ఉందో కొలిచి, వార్డులవారీగా పట్టిక తయారు చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. 2025లో మత్తుపదార్థాల కట్టడికి ఏర్పడిన ఈగల్ విభాగం పోలీసులు ఆంధ్రప్రదేశ్ అంతటా విద్యాసంస్థల చుట్టుపక్కల అంగళ్లను తనిఖీ చేశారు. తనిఖీ ఒకరోజు పని, లైసెన్సు మీద నిఘా ఏడాది పొడవునా ఉండాల్సిన పని.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి తాగే కుర్రవాడిది. ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో 20 కిలోలకు మించిన సరుకుతో పట్టుబడ్డవాడు, జేబులో చిన్న పొట్లంతో దొరికినవాడు ఒకటి కారు. మొదటివాడికి 10 నుంచి 20 ఏళ్ల కఠిన శిక్ష, రెండోవాడికి గరిష్ఠంగా ఏడాది. సేవించినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. సేవించడం, కొద్ది మోతాదు కేసుల్లో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఈ మాట ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? పరువు పోతుందనీ, కేసవుతుందనీ భయపడి ఇంట్లోనే దాచిపెడతారు. ఆ భయమే వ్యాపారికి పెట్టుబడి. సరుకు తెచ్చి పిల్లలకు అంటగట్టేవాడి మీద కనికరం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి మత్తు ఇచ్చేవాడికి బాలల న్యాయ చట్టం ఏడేళ్ల వరకు జైలు రాసిపెట్టింది. అలవాటుపడ్డ పిల్లవాడిని మాత్రం ఠాణాకు కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కమలాపురం కౌన్సిలు వచ్చే సమావేశంలోనే రెండు తీర్మానాలు చేయాలి. 100 గజాల నియమం మీరిన అంగడికి లైసెన్సు రద్దు చేయాలి. సరుకు గురించి సమాచారం ఇవ్వడానికి 1972, మత్తు మాన్పించే సలహాకు 14446 నంబర్లను ప్రతి బడి గోడ మీద, రైల్వే స్టేషన్ దగ్గర, దర్గా దారిలో పెద్ద అక్షరాలతో రాయించాలి.