సీలింగ్ మీద ఆ తెల్ల పెట్టె ఎవరిది?



ప్రతి జూన్‌లో మీరు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, నోట్‌బుక్స్ ఇక్కడే ఎందుకు కొనాలి? బయట తక్కువకి వస్తున్నాయి కదా?" క్లాస్ టీచర్‌గా దానికి జవాబు చెప్పడం నాకు ఇబ్బందే గానీ, మీరు అడగడంలో తప్పు లేదు. అదే ప్రశ్న ఇంకో వస్తువు గురించి కూడా అడగమని ఈ నెల రాస్తున్నాను.

మీ పిల్లల క్లాసులో సీలింగ్‌కి ఒక తెల్ల పెట్టె బిగించి ఉంటుంది, చిన్న లైటు వెలుగుతూ. అది వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్. డిజిటల్ బోర్డు మీద వీడియో రావాలన్నా, ల్యాబ్‌లో ఆన్‌లైన్ టెస్ట్ రాయాలన్నా దాని మీదే ఆధారం.

ఇంగ్లిష్ గ్రామర్ చెప్పుకునే టీచర్‌కి వైఫైతో పనేంటి అనుకోవచ్చు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇంతకుముందు పనిచేసిన ఒక స్కూల్లో, ఓ సోమవారం ఎనిమిదో తరగతికి లిజనింగ్ టెస్ట్ పెట్టాను. ఆడియో మొదలుపెట్టబోతే నెట్ లేదు. పెట్టెల్లో లైట్లు వెలుగుతున్నాయి, కేబుల్ బాగుంది, నెట్ బిల్లు కట్టేశారు. మధ్యాహ్నానికి తేలింది, పెట్టెల లైసెన్స్ గడువు అయిపోయిందని. గుర్తు చేసే మెయిల్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఒకాయన ఐడీకి వెళ్తోంది. కొత్త కొటేషన్ వచ్చి, డబ్బు కట్టి, మళ్లీ నడిచేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేనే గట్టిగా చదివి వినిపించాను. నా గొంతు పోయింది గానీ ఎనిమిదో తరగతికి పెద్ద నష్టమేమీ జరగలేదు, నిజం చెప్పాలి. పదో తరగతి వాళ్ల ప్రాక్టీస్ టెస్టులు మాత్రం వారం వెనక్కి పోయాయి.

ఇంట్లో రౌటర్ కొంటే అది పాడయ్యేదాకా మీదే. స్కూళ్లు, కాలేజీలు పెట్టుకునే వైఫై అలా కాదు. పదులు, వందల పెట్టెల్ని ఒకేచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. ఈ మధ్య అది ఎక్కువగా కంపెనీ క్లౌడ్‌లోనే ఉంటోంది. దానికి ఏడాదికో, మూడేళ్లకో, ఐదేళ్లకో లైసెన్స్ కట్టాలి. గడువు తీరితే కొన్ని రకాల పెట్టెలు సిగ్నల్ ఇస్తూనే ఉంటాయి, సెట్టింగులు మార్చుకోవడం మాత్రం కుదరదు. కొన్ని పూర్తిగా ఆగిపోతాయి. మీ ఫోన్ ఏ వైఫైకైనా కలుస్తుంది, ఎందుకంటే దానికి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ప్రమాణం ఉంది. కానీ ఒక కంపెనీ పెట్టెని ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ సాధారణంగా నడపదు. కంపెనీ మార్చాలంటే సీలింగ్ మీదవన్నీ దించి కొత్తవి బిగించాల్సిందే. ఆ ఖర్చుకి భయపడి, రెన్యూవల్ ధర ఎంత చెప్పినా కట్టేస్తాం.

ఇక ఆ కంపెనీలే చేతులు మారుతుంటాయి. 2012లో మెరాకీని సిస్కో కొంది. 2015లో అరుబాని హెచ్‌పీ కొంది. 2019లో మిస్ట్ జూనిపర్ చేతికి, ఏరోహైవ్ ఎక్స్‌ట్రీమ్ చేతికి వెళ్లాయి. రకస్ సంగతి స్టాఫ్‌రూమ్‌లో చెబితే అందరూ నవ్వారు. 2016లో బ్రొకేడ్, 2017లో ఆరిస్, 2019లో కామ్‌స్కోప్. అంటే 2015లో రకస్ పెట్టెలు కొన్న స్కూలు, ఉన్నచోటే ఉండి ఐదేళ్లలో నలుగురు యజమానుల్ని చూసింది.

అన్నిటికంటే పెద్దది ఈమధ్యదే. జూనిపర్‌ని సుమారు 1,400 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు 2024 జనవరిలో హెచ్‌పీఈ ప్రకటించింది. ఏడాది తర్వాత అమెరికా న్యాయశాఖ దాన్ని ఆపమని కోర్టుకెళ్లింది. పెద్ద సంస్థల వైఫై వ్యాపారంలో ఇవి రెండో, మూడో స్థానాల్లో ఉన్నాయి, కలిస్తే సిస్కోతో పాటు ఈ ఇద్దరి చేతుల్లోనే అక్కడి మార్కెట్లో 70 శాతం పైగా ఉంటుందని చెప్పింది. జూనిపర్ పోటీ వల్లే హెచ్‌పీఈ ధరలు తగ్గించాల్సి వచ్చిందన్నది కూడా ఆ వాదనలో ఉంది. 2025 జూన్‌లో రాజీ కుదిరింది, జూలైలో కొనుగోలు పూర్తయింది. చిన్న సంస్థలకి అమ్మే ‘ఇన్‌స్టంట్ ఆన్’ విభాగాన్ని అమ్మేయాలి, మిస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగాన్ని ఇతరులకి లైసెన్స్‌కి ఇవ్వాలి అనేవి ఆ రాజీ షరతులు. నా మట్టుకు నాకు అవి చాలవనిపిస్తుంది. పోటీపడి ధర తగ్గించే ఇద్దరు ఇప్పుడు ఒక్కరయ్యారు, ఆ లోటు ఈ షరతులు పూడ్చవు.

అమెరికా గొడవ మనకెందుకు అనకండి. మన దగ్గర పెద్ద క్యాంపస్‌లకి డీలర్లు ఇచ్చే కొటేషన్లలో ఉండేవీ ఈ పేర్లే. ఆ ఖర్చు చివరికి చేరేది టర్మ్ ఫీజులోకే.

కంపెనీలు కలవడం పూర్తిగా చెడ్డదని నేననను. డబ్బున్న పెద్ద కంపెనీ సర్వీసు మెరుగ్గా ఇవ్వొచ్చు. పెట్టె ఒకరిది, సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది పెట్టుకునేలా ‘ఓపెన్‌వైఫై’ అనే ప్రయత్నం కూడా 2021 నుంచి నడుస్తోంది. కానీ చెడితే పరుగున వచ్చే మనిషి దొరక్కుండా అలాంటిది మన స్కూల్లో పెట్టమని నేను చెప్పలేను.

మా యాజమాన్యానికి ఒక బలం ఉంది. ఒక్క స్కూలు నడిపేవాళ్లకి డీలర్ చెప్పిందే మాట. ఇన్ని క్యాంపస్‌లకి ఒకేసారి కొనే మనం కాగితం మీద రాయించుకోవచ్చు. రెన్యూవల్ ధర ఎంతకి మించకూడదు, లైసెన్స్ తీరినా మామూలు వైఫై నడవాలి, కంపెనీ చేతులు మారినా పాత ఒప్పందమే చెల్లాలి. కొన్నాక ఇవి అడిగితే ఎవరూ వినరు, సంతకం పెట్టకముందే అడగాలి. వచ్చే పీటీఎంలో మార్కుల గురించి అడిగాక, ఒక్క నిమిషం ఈ మాట కూడా అడగండి. టీచర్లు అడిగితే ఒకలా ఉంటుంది, ఫీజు కట్టేవాళ్లు అడిగితే ఇంకోలా ఉంటుంది.

మా బ్లాకులో పెట్టెల లైసెన్స్ ఎప్పటిదాకా ఉందని పోయిన వారం ఏఓ గారిని అడిగాను. ఫైలు జోనల్ ఆఫీసులో ఉందట, కనుక్కుని చెప్తానన్నారు. తేదీ తెలిశాక ఆ నెల డైరీలో రాసి పంపిస్తాను.