ఆచారం పేరిట తిమింగల వేట

మన ధర్మపురికి సముద్రం లేదు, ఉన్నది హొగేనక్కల్ వద్ద కావేరి. కానీ 2016 జనవరిలో మన రాష్ట్రంలోనే, తూత్తుకుడి జిల్లా మణప్పాడు వైపు తీరానికి 80కి పైగా తిమింగలాలు కొట్టుకొచ్చాయి. జాలరులు పడవలతో వాటిని తిరిగి లోతు నీళ్ళలోకి లాగారు. చాలా తిమింగలాలు మళ్ళీ ఒడ్డుకే వచ్చి చనిపోయాయి. అయినా లాగారు. అందులో వారికి పైసా లాభం లేదు.

జపాన్ సంగతి వేరు. వ్యాపార వేటపై 1986 నుండి అంతర్జాతీయ తిమింగల కమిషన్ నిషేధం ఉంది. జపాన్ ఆ కమిషన్ నుండే బయటికి వచ్చి, 2019 జులైలో వేట మళ్ళీ మొదలుపెట్టింది. పూర్వాచారమట! మన తాతలను ఊరి బయట నిలిపినదీ ఆచారమే కదా. అమ్మకానికి చంపడం ఆచారమైతే న్యాయమవుతుందా?

యువతీ యువకులారా, ఈ వారం కూడికలో ఆదికాండము 1:22 చదవండి. ఫలించమన్న దీవెన మనకంటే ముందు సముద్ర జీవులకే దక్కింది.