బెట్ట అంటే కొండ కాదు

రాయదుర్గం అవతల, మా అవ్వోళ్ల ఊళ్లో బోరు వేస్తున్నారు. లారీ తిరుచెంగోడుది, దాన్ని పిలుచుకొచ్చిన ఏజెంటు కడపాయన. ఐదొందల అడుగులు దాటినా తెల్లదుమ్మే లేస్తోంది. అవ్వ గడప దాటి వచ్చి కన్నడంలో అడిగింది: "ఊట ఆయ్తేనప్పా?" పాపం ఆయన తల దించుకుని, "ఇంగా యాడ ఊటవ్వా, దుమ్మే వస్తాంది" అన్నాడు. అవ్వ అడిగింది అన్నం తిన్నావా అని. కన్నడంలో ఊట అంటే భోజనం.

ఇంగ్లీషు, కన్నడాల నుంచి తెలుగులోకి కరపత్రాలూ, రైతు శిక్షణ పుస్తకాలూ మార్చి ఇరవై ఏళ్లుగా బతుకుతున్నదాన్ని. దూరపు భాష కన్నా పక్కింటి భాషే ఎక్కువ ముంచుతుంది. ఇంగ్లీషు మాట తెలియకపోతే నిఘంటువు తీస్తాం. కన్నడ మాట తెలిసినట్టే ఉంటుంది కాబట్టి తీయం. వాళ్ల మగళు కూతురు, మన మగడు మొగుడు. ఒకసారి మా తెలుగు కరపత్రాన్ని సరిహద్దు అవతలి ఊళ్ల కోసం కన్నడంలో పెట్టమని ఓ కుర్రాడికిచ్చాను. "పైరు బెట్టకొస్తే" అన్న చోట పైరును కొండెక్కించాడు. కన్నడంలో బెట్ట కొండే మరి. మాకేమో నేల తడారి, మిట్టమధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటే అది బెట్ట. అబ్బాయిని తిట్టలేకపోయాను. మా వైపు కొండలకీ కొదవలేదు, బెట్టకీ లేదు.

బళ్లారి నుంచి విడదీసి మా అనంతపురం జిల్లా చేసింది 1882లో. గీత కాగితం మీద పడింది కానీ ముంగారు, హింగారు ఇటే ఉండిపోయాయి. ముందొచ్చే వానకారు ముంగారు, వెనకొచ్చేది హింగారు. కన్నడంలో హిందె అంటే వెనక. ఆఫీసు కాగితాల్లో ఈ రెండూ కనబడవు, అక్కడంతా ఖరీఫ్, రబీ. అవి అరబ్బీ మాటలు. ఖరీఫ్ అంటే ఆకురాలు కాలం, రబీ అంటే వసంతం. అంటే పంట చేతికొచ్చే కాలాన్నిబట్టి పెట్టిన పేర్లు. రైతు మాత్రం విత్తనం పడే వానను చూసి పేరు పెట్టుకున్నాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ చెప్పాపెట్టకుండా పడే నేల మీద, కోతను నమ్మి కారుకు పేరు పెట్టడం నాకైతే దుస్సాహసంగానే తోస్తుంది. ఈ విషయంలో నేను ముంగారు పక్షం.

మాండలికమని తీసిపారేస్తే పోయేది సొగసు ఒక్కటే కాదు. సెనక్కాయ పూత వాడాక దాని అడుగు నుంచి సన్నటి పుల్లలాంటిది కిందికి సాగి మట్టిలోకి దిగుతుంది. దాన్ని ఊడ అంటాం. దాని కొసనే నేల లోపల కాయ కడుతుంది. ఆ రోజుల్లో నేల గట్టిపడితే ఊడ దిగదు, చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే కాయలుండవు. ఒక్క తడి ఇవ్వగలిగినవాడు ఇవ్వాల్సింది అప్పుడే. సరిగ్గా ఈ సంగతి చెప్పే పుస్తకమొకటి నా దగ్గరకు దిద్దడానికి వచ్చింది. ఇంగ్లీషులో ఊడకు వాడే మాటకు మేకు అనే అర్థం కూడా ఉంది. తెలుగు చేసినవాళ్లు "మేకులు కొట్టే దశలో నీరు పెట్టవలెను" అని రాసేశారు. ఓ పూటంతా నవ్వుకున్నాను, తర్వాత భయమేసింది. అది అచ్చయి ఉంటే?

భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెద్ద భాషాశాస్త్రవేత్త. మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటానికి ఆయన తీసుకున్నది వ్యవసాయాన్ని. జిల్లాల వెంట రైతుల నోటి నుంచే మాటలు ఏరించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ద్వారా 1962లో తెచ్చారు. ఏ నాగలి భాగాన్ని ఎక్కడ ఏమంటారో అందులో చూడొచ్చు. అరవై ఏళ్లు దాటినా, రైతు కోసం రాసేవాళ్ల బల్లల మీద ఆ పుస్తకం నాకు కనబడలేదు.

నేనడిగేది చిన్న పని. ఏ కరపత్రమైనా అచ్చుకు పోయేముందు ఒక రైతుకు చదివి వినిపించాలి, దానికి ఆయనకు ఒక పూట కూలి ఇవ్వాలి. నేను నా జేబులోంచే ఇస్తున్నాను. మా పక్కూరి పెద్దాయన గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని వింటాడు. "పదును" అని చదివితే తలూపుతాడు, గొర్రు కట్టేంత వాన పడిందని అర్థం. "తగినంత నేల తేమ" అంటే తలూపడు. మొన్న "వర్షాభావ పరిస్థితులలో" దగ్గర ఆపేశాడు.

"అంటే వానొస్తాదా, రాదా పాపా?"

కొట్టేసి, "వాన పడకపోతే" అని రాసి పంపాను. ప్రూఫు తిరిగొచ్చింది. వర్షాభావ పరిస్థితులు మళ్లీ యథాస్థానంలో ఉన్నాయి.